పదిన్నర బిట్టు

నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన కొత్తలో మా హెడ్డు నాకొక సూత్రం నూరిపోశాడు. పటం మీద స్కేలు పెట్టి కొలవకు, పక్కన రాసిన అంకెను నమ్ము. కాగితం వానాకాలం సాగుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది, అంకె మాత్రం ఎక్కడికీ పోదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ మాట తప్పలేదు. కాలవలైనా తూములైనా రాసిన అంకెతోనే గీశాను, ఎవరిచేతా మాట పడలేదు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక అదే సూత్రం నా కొంప ముంచింది.

చిక్కడపల్లిలో మాది మూడో అంతస్తు. బాల్కనీలో బట్టలారేసే తీగ కింద ఒక చిన్న లేత్ మిషన్ పెట్టుకుని కర్రతో పెన్నులు చేస్తుంటాను. ఇదేం పిచ్చి అని మీరు అడగనక్కర్లేదు, మా ఆవిడ ఎప్పుడో అడిగేసింది. "అందరి మొగుళ్ళు పొద్దుగాల పేపర్ సదువుతరు, మా ఇంటాయన పొట్టు రాలుస్తడు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. కింది ఫ్లాటు ఆమె ఆరబెట్టిన వడియాల మీద నా రంపంపొట్టు పడి ఒకసారి పెద్ద పంచాయితీ అయింది. వడియాలు నేనే కొన్నాను. పని మాత్రం మానలేదు.

పెన్ను చేయడం చెప్పడానికి తేలిక. బజారులో కిట్టు దొరుకుతుంది. అందులో మూతి, క్లిప్పు, రీఫిల్లు, ఒక సన్నటి ఇత్తడి గొట్టం ఉంటాయి. కర్రముక్కకు నిలువునా బెజ్జం వేసి, గొట్టాన్ని జిగురుతో అందులో దింపి, ఆ తర్వాత లేత్ మీద తిప్పుతూ పైన చెక్కుకోవాలి. చూసేవాళ్ళు చెక్కుడే విద్య అనుకుంటారు. కాదు. అసలు సంగతంతా బెజ్జంలో ఉంది. బెజ్జం బిగుతైతే గొట్టం దిగేటప్పుడు కర్ర పగులుతుంది. అప్పుడు పగలకపోతే ఎండలు ముదిరినప్పుడు పగులుతుంది, ఎందుకంటే కర్ర ముడుచుకుంటుంది, ఇత్తడి ముడుచుకోదు. వదులైతే గొట్టం ఒక పక్కకు ఒరిగి, చెక్కుతుంటే ఒకవైపు గోడ పలచబడి ఊడొస్తుంది. కాబట్టి ఏ కిట్టుకు డ్రిల్లులో ఏ సైజు బిట్టు బిగించాలన్నది ముందు తేల్చుకోవాలి. కిట్టు కాగితంలో అంకె ఉంటుంది కదా, నాకు తేల్చుకునేదేముంది అనుకునేవాణ్ణి.

పోయిన వానాకాలం మా ఆవిడకు పక్షవాతం వచ్చింది. దేవుడి దయవల్ల మాట పోలేదు, కాలు కొద్దిగా ఈడుస్తూనైనా నడక వచ్చింది. కుడిచేతి వేళ్ళు మాత్రం మాట వినడం మానేశాయి. అన్నం ఎడమచేత్తో చెంచాతో తినడం నేర్చుకుంది. దానికి ఏడవలేదు. నారాయణగూడలో బ్యాంకుకు వెళ్ళిన రోజు ఏడ్చింది.

ఆమె చెక్కు వెనక్కి వచ్చింది, సంతకం కలవలేదని. వెళ్ళి అడిగాం. అక్కడి ఆఫీసరమ్మ మర్యాదస్తురాలే. కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, మెల్లగా చెప్పింది. "మేడం, ప్రతిసారి గిట్ల పరేషాన్ ఎందుకు. వేలిముద్రకు మార్చుకోండి. ఇద్దరు సాక్షులుంటే అయిపోతది." మా ఆవిడ మంచినీళ్ళు ముట్టకుండా లేచింది. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను తెలివిగల మొగుణ్ణి కదా, ఓదార్చబోయాను. "వేలిముద్రే గద, ఏమైతది?"

"మీకేం ఎరుక" అంది.

ఎరుకే. కోపంలో అన్న మాటే గానీ, నాకంటే బాగా ఎవరికీ తెలియదు. ఆమె సర్కారు బడిలో పంతులమ్మ. పగలు పిల్లలకు చెప్పి, సాయంత్రం అశోక్‌నగర్‌లో కొత్తగా కడుతున్న ఇళ్ళ సెల్లార్లలో కూలి ఆడవాళ్ళకు చెప్పేది. పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు. కొందరు కడుతున్న ఇంట్లోనే రేకులు వేసుకుని ఉండేవారు, కొందరు అడిక్‌మెట్ బస్తీ నుంచి నడిచి వచ్చేవారు. వారం చివర మేస్త్రీ వాళ్ళ బొటనవేలు ఇంకులో ముంచి కాగితం మీద అద్దించుకుని, ఆ కాగితంలో ఏముందో చెప్పకుండా మడిచి జేబులో పెట్టుకునేవాడు. అది చూసే మా ఆవిడ ఆ పని మొదలుపెట్టింది.

ఆమె పద్ధతే వేరు. అ ఆలు చెప్పేది కాదు. ముందు ఎవరి పేరు వాళ్ళకు నేర్పేది. పేరు వస్తే మిగతా అక్షరాలు వాటంతట అవే వెంట వస్తాయని ఆమె నమ్మకం. తట్టలు మోసీ మోసీ మొద్దుబారిన చేతుల్లో పెన్సిలు నిలిచేది కాదు, జారిపోయేది. పాత చీర పేలికలు పెన్సిలుకు చుట్టి, లావు చేసి, దారంతో కట్టి ఇచ్చేది. మా ఇంట్లో చీరలు చిరిగిపోకముందే పేలికలయ్యేవి. నేను గొణిగేవాణ్ణి, ఆమె వినేది కాదు.

ఒకామెకు సంతకం పూర్తిగా వచ్చిందంటే ఆ రోజు అక్కడ ఒక చిన్న తంతు ఉండేది. మా ఆవిడ ఇంటి నుంచి నిమ్మకాయ తీసుకెళ్ళేది. అందరి ముందూ ఆ సంతకం నేర్చినామె బొటనవేలిని నిమ్మచెక్కతో రుద్ది రుద్ది, గోటి సందులో ఇరుక్కున్న ఊదా ఇంకు పోయేదాకా కడిగేది. కడిగి, "ఇంక ఈ వేలికి పని లేదు" అనేది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టేవారు. పుట్నాలూ బెల్లమూ పంచుకునేవారు. నేను మా ఆవిడను తీసుకురావడానికి స్కూటరు మీద వెళ్ళి ఇసుక కుప్ప దగ్గర నిలబడి చాలాసార్లు చూశాను. ఇన్ని వేళ్ళు కడిగిన మనిషిని తన వేలు ముంచమంటే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. తెలిసీ ఆ మాట అన్నాను, నోరు ఊరుకోదు కనుక.

మర్నాడు పొద్దున నేను లేత్‌కు నూనె వేస్తుంటే వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చుంది. అంతవరకూ ఆ బాల్కనీ వంక తిట్టడానికి తప్ప చూసిన మనిషి కాదు.

"నాకొక పెన్ను చెయ్యిన్రి. లావుగ. పేలిక చుట్టిన పెన్సిల్ లెక్క."

చెప్పి ఒడిలోంచి రూళ్ళకర్ర తీసి ఇచ్చింది. పాత బడి రూళ్ళకర్ర, జిట్రేగి చెక్కది, గుండ్రంగా నల్లగా ఉంటుంది. ఉద్యోగమంతా ఆమె చేతిలోనే ఉంది. దానితో పిల్లల్ని కొట్టలేదు, బల్లను కొట్టింది. ఆ దెబ్బలకు కర్ర సగందాకా నిలువునా బీట వారింది. బీట లేని సగంలో నాకు కావలసిన పొడవు ముక్కలు రెండు వస్తాయి.

"వేరే కర్ర ఉన్నది గద, ఇదెందుకు" అన్నాను.

"ఈ కర్ర నా చేతికి ఎరుకే" అంది.

సన్న పెన్నుల కిట్టుకు ఏడు మిల్లీమీటర్ల బిట్టు సరిపోతుంది. కర్ర చాలా మిగులుతుంది కానీ కిట్టు మూతికి సరిపెట్టేసరికి కొసలు మళ్ళీ సన్నబడిపోతాయి, ఆమె వేళ్ళు పట్టేచోట జారుతుంది. లావు కిట్టుకు పెద్ద గొట్టం, పెద్ద బెజ్జం. బెజ్జం ఎంత పెద్దదైతే కర్ర అంత తరుగుతుంది, తరిగిన ముసలి కర్ర పగలడానికి కాచుకుని ఉంటుంది. అటూ ఇటూ ఆలోచించి లావు కిట్టు తెప్పించాను. కాగితం మీద నల్లగా అచ్చేసి ఉంది, పది మిల్లీమీటర్లు. నా దగ్గర పది బిట్టు ఉంది. నమ్మాను.

ముక్కను బల్లకున్న ఇనప పట్టులో బిగించి, నడిమికి గుర్తు పెట్టి, బిట్టును మెల్లమెల్లగా దింపాను. బెజ్జం అద్దంలా వచ్చింది. గొట్టానికి జిగురు పూసి పెడితే కొస దగ్గరే ఆగింది. లోపల పొట్టు ఉందేమో అనుకున్నాను. ముక్కనూ గొట్టాన్నీ కలిపి పట్టు పెదవుల మధ్య పెట్టి కొద్దిగా బిగించాను. ఇంకొద్దిగా బిగించాను. టిక్కుమని ఒక చిన్న చప్పుడు వచ్చింది. ముక్క ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పగిలింది.

ఆ ముక్కను లుంగీ మడతలో దాచబోయాను, సిగ్గులేకుండా చెబుతున్నాను. ఆమె చప్పుడు విని అప్పటికే గడపలో ఉంది.

"గొట్టం కొలిచిన్రా?"

"కాయిదం మీద పది అని ఉన్నది."

"కాయిదం మీద నా సంతకం కూడ ఉన్నది" అంది. "ఇప్పటి చెయ్యి చూసిన్రు గద."

కోపం కూడా లేదు ఆ గొంతులో. నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు వెర్నియర్ కాలిపర్ తీసి కొలిచాను. గొట్టం పదికి పైన మరో మూడు గీతలు, అంటే పావు మిల్లీమీటరు పైచిలుకు, ఉంది. కొసల్లో కోసిన అంచు లేచి ఉండి ఇంకొంచెం ఎక్కువే చూపింది. పది బెజ్జంలో అది దిగమంటే ఎట్లా దిగుతుంది? ఎవరో ఎక్కడో అంగుళాల్లో లెక్క కట్టి చేసిన గొట్టానికి ఇంకెవరో మిల్లీమీటర్లలో దగ్గరి అంకె వేసి కాగితం అచ్చేశారు. పటం గీసేవాడికి రాసిన అంకె దేవుడు కావచ్చు, గొట్టం దింపేవాడికి గొట్టమే దేవుడు. ఈ వయసులో నేర్చుకున్నాను.

జిగురు ఉండడానికి వెంట్రుకంత చోటు కలుపుకుంటే నాకు పదిన్నర బిట్టు కావాలి. నా డబ్బాలో లేదు. సుల్తాన్ బజార్ దాటి సామాన్ల దుకాణాలన్నీ తిరిగాను. పది ఉంది, పదకొండు ఉంది, పదిన్నర అడిగితే నా మొహం చూశారు. ఒకాయన నన్ను బుజ్జగించాడు కూడా.

"పదకొండు తీస్కపో పెద్దాయనా. అర మిల్లీమీటర్ల ఏం ఫరక్ పడతది?"

"దాంట్ల సగం తక్కువైతేనే నా కర్ర పలిగింది" అన్నాను. గొంతు లేచింది.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఏమనుకున్నాడో, నిచ్చెన ఎక్కి పై అరలోంచి దుమ్ము పట్టిన డబ్బా దించాడు. వెతికి వెతికి ఒకటి తీసి, గుడ్డతో తుడిచి ఇచ్చాడు. "గిరాకీ ఉండదు దీనికి" అన్నాడు. నేను అక్కడే జేబులోంచి వెర్నియర్ తీసి బిట్టును కొలిచాను. ఆయన నవ్వాడు. నవ్వనీ.

ఈసారి తొందరపడలేదు. రూళ్ళకర్రలో బీట వారిన సగం ఉంది కదా, అదే కర్ర, అదే గట్టిదనం. ముందు అందులో ఒక తునక కోసి బెజ్జం వేసి చూశాను. గొట్టం వేలితో నెడితే సాఫీగా దిగింది, ఊపితే గలగలలాడలేదు. ఆ తర్వాతే చివరి ముక్క పట్టాను. రెండు గింజలంత లోతు దింపడం, బయటికి లాగి పొట్టు దులపడం, వేడి తగ్గేదాకా ఆగడం, మళ్ళీ దింపడం. ఆమె స్టూలు మీద కూర్చుని చూస్తూనే ఉంది. అవతలి హాస్టల్ కిటికీలో పరీక్షలకు చదివే అమ్మాయి ఒకతె పుస్తకం మూసి మమ్మల్నే చూస్తోంది. గొట్టం దిగింది. జిగురు ఆరేదాకా మేమిద్దరం దాన్ని ముట్టుకోలేదు.

చెక్కేటప్పుడు నడుము లావుగా వదిలేశాను. మామూలు పెన్నులా కాదు, చిన్న గరిటె పిడిలా వచ్చింది. చూడ్డానికి అందంగా లేదు. ఆమె కుడిచేతిలో పెట్టి వేళ్ళు ఒక్కొక్కటిగా మూశాను. నిలిచింది, జారలేదు.

ఆ రోజు నుంచి క్యాలెండరు కాగితాల వెనక, పేపరు అంచుల మీద, పాల ప్యాకెట్టు తెచ్చిన సంచి మీద కూడా సంతకాలే. మొదట కోడి గీకినట్టు వచ్చాయి. మెల్లగా మొదటి అక్షరం నిలబడింది. కింద వేసే గీత ఒకప్పటిలా పొడుగ్గా సాగి చివర వంపు తిరిగింది. ఆ వంపు చూసి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంట గెలిచాం, ఇక రచ్చ గెలవడమే అనుకున్నాను.

బ్యాంకుకు వాచ్‌మన్ భార్యను తోడు తీసుకెళ్ళాం, మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోవడానికి. మా అపార్టుమెంటు కింద గదిలోనే ఉంటుంది. ఒకప్పుడు అశోక్‌నగర్ సెల్లారులో పేలిక చుట్టిన పెన్సిలు పట్టినామే. ఇప్పటికీ మా ఆవిణ్ణి టీచరమ్మా అనే పిలుస్తుంది. అదే బ్యాంకులో ఆమెకూ ఖాతా ఉంది. ఆ ఖాతా తెరిచిన రోజు సంతకం పెట్టి వచ్చి మా ఇంట్లో మిఠాయి పంచింది.

ఆఫీసరమ్మ కాగితం ముందు పెట్టింది. మా ఆవిడ సంచిలోంచి పెన్ను తీసింది. మొదటి అక్షరం బాగా వచ్చింది. రెండోదానికి వచ్చేసరికి చెయ్యి వణికి పక్కకు పరుగెత్తింది. ఇంకో కాగితం ఇచ్చారు. మళ్ళీ అంతే, ఈసారి మొదటి అక్షరం కూడా రాలేదు. వెనక లైనులో వాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. "మెల్లగ, మెల్లగ" అని గొణుగుతున్నాను. మరో కాగితం అడగబోయాను.

మా ఆవిడ నన్ను ఆపింది. పెన్నును ఒకసారి వేళ్ళతో తడిమి చూసుకుంది.

"పెన్ను మంచిగనే చేసిన్రు" అంది. "చెయ్యే పూటకొక తీరుంటున్నది. ఈ కుర్చీల కూసోని ఎన్ని కాయిదాలు ఖరాబు చేద్దాం?"

పెన్ను బల్ల మీద పెట్టి, ఆఫీసరమ్మ వైపు తిరిగి, తనే బొటనవేలు చాపింది. ఇంకు ప్యాడు ఎవరూ అడగకముందే దగ్గరికి లాక్కుంది. నేను అటు తిరిగి గోడ మీద వడ్డీల బోర్డు చదివాను. చదవలేదు, చూశాను. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కోపం ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు. బెజ్జం సరిగ్గా పడింది, గొట్టం సరిగ్గా కూర్చుంది, నేను చేయగలిగింది ఇంకేం లేదు.

సాక్షులు కావాలన్నారు. ఒక సంతకం బ్యాంకు మనిషే పెట్టాడు. రెండోది నేను పెడతానంటే ఖాతా ఇద్దరి పేరు మీదా ఉంది కనుక చెల్లదట. మా ఆవిడ వెనక్కి చూసింది.

"నువ్వు రాయే. నీకు ఖాతా ఉన్నది గద ఇక్కడ."

వాచ్‌మన్ భార్య భయపడింది. "నేనా? మీ వేలు పక్కన నేను పెట్టుడేంది టీచరమ్మా. నాతోని కాదు."

"ఎవలు నేర్పిన్రు నీకు?"

ఆమె తల వంచుకుని వచ్చింది. బల్ల మీద ఉన్నది ఆ లావు పెన్నే. తీసుకుంది. పిడికిలి బిగించి గట్టిగా పట్టుకుంది.

"బిగవట్టకు" అంది మా ఆవిడ, సెల్లారులో చెప్పే గొంతుతోనే. "జర వదులు. కర్ర ఎటూ పోదు."

ఆమె తన పేరంతా గుండ్రటి అక్షరాలతో, ఒక్కటి కూడా మింగకుండా, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని రాసింది. మా ఆవిడ చివరిదాకా చూసి తల ఊపింది.

ఇంటికి వచ్చాక నేను నీళ్ళు తాగుతున్నాను. వాచ్‌మన్ భార్య కిందికి వెళ్ళిందనుకున్నాను, వంటింట్లో ఉంది. నిమ్మకాయ కోసుకుని వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. మా ఆవిడ చెయ్యి ఒళ్ళోకి తీసుకుని బొటనవేలు రుద్దసాగింది. గోటి చుట్టూ, గీతల్లో, వదలకుండా.

"ఎందుకే" అంది మా ఆవిడ. "మళ్ళ ముంచవలసిందే గద."

"మళ్ళ ముంచితే మళ్ళ కడుగుత."

మా ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ నిమ్మచెక్క పిప్పి అయిపోయింది, ఇంకు ఇంకా కొంచెం మిగిలే ఉంది. నేను వంటింట్లోకి వెళ్ళి మరో నిమ్మకాయ కోసుకొచ్చాను.